చేపలు చూసే వైపు

ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌ల పడవల ఎగ్జిబిషన్.
టికెటు ఇరవై. చేతి మీద నీలం ముద్ర.
లోపల, దుమ్ము లేవకుండ
ట్యాంకరుతోని ఇంతింత చల్లిన్రు.
ఆ పొద్దు పడవలకు దొరికిన నీళ్ళు అవే.

ఇనుప కాళ్ళ మీద ఎత్తి నిలవెట్టిన్రు వాటిని,
పశువుల దవాఖానల బోనెక్కిన బర్రెల లెక్క
ఎటూ కదలరాక, ఎటో చూసుకుంట.
హంస మెడ తొక్కుడు పడవ ఒకటి,
దాని మెడల ఎవరో బంతిపూల దండేసిన్రు.

అమ్మేటాయన కాకినాడ నుంచి వచ్చిండు.
"చెప్పులు విప్పేసి ఎక్కండమ్మా" అంటున్నడు.
పడవ కింద చెప్పులే చెప్పులు,
పెండ్లింటి ముందటి లెక్క.
లోపల ఒక పెద్దమనిషి
ఒట్టి గాలిల తెడ్డేస్తుంటే
"ఇగ చాలు, ఒడ్డుకు రా" అన్నది వాళ్ళావిడ.
అందరు నవ్విన్రు. నేను సుత.

ఒకాయన మాత్రం ఎక్కలే.
పేరు ఓదెలట, పాకాల చెరువుల చేపలు పడతడట.
వేలు మడిచి పడవను కొట్టి
చెవి పెట్టి ఇన్నడు,
అంగట్ల కుండను బేరమాడినట్టు.
తర్వాత తువ్వాల పరిచి, ఎల్లెలకల పండి
మెల్లగ పడవ కిందికి జరిగిండు.
సెక్యూరిటాయన ఉరికొచ్చిండు.
"ఏం లేదు సారూ,
నలభై ఏండ్లాయె పడవల కూసోబట్టి,
కిందికెల్లి ఎన్నడు చూడలే.
చేపలు చూస్తయి గద రోజు.
వాటికేం కనవడతదో చూస్తున్న."

నేను సుత వంగి చూసిన.
తెల్లటి నున్నటి కడుపు,
నడిమిట్ల ఎన్నుపూస లెక్క ఒక గీత.
పైనేమో పేరు, బొమ్మ, నెలకు కిస్తీ ఎంతనో.
కింద ఒక్క అక్షరం లేదు.

వంగి లేస్తుంటే కనవడ్డది:
చివరి దుకాణంల, బల్ల మీద,
దుప్పటి లెక్క మడతవెట్టిన
నారింజ రంగు రబ్బరు పడవ.

ఆ రంగు నాకెరుక.
నయీంనగర్ నాలా మా గల్లీలకొచ్చిన తెల్లారి
మా కరెంటు మీటరు ముందట ఆగిందది.
మా అత్త మందుల డబ్బ మరిచింది,
గ్యాసు బుక్కు మరువలే.
నేను కుట్టుమిషిను తలకాయ విప్పి
ఒళ్ళె పెట్టుకున్న.
పుట్టి బుద్ధెరిగినంక పడవెక్కుడు అదే మొదలు,
అదీ మా గేటు మీదికెల్లి,
రోజు తోటకూర కొనే మలుపు మీదికెల్లి.
కింద నా స్కూటీ ఉన్నదని తెలుసు.
స్కూటీకి, మిక్సీకి, కటింగ్ బల్లకు
ఎట్ల కనవడ్డమో మేము,
తలకాయల మీదికెల్లి పోతుంటే.

దుకాణంల పిల్ల, బ్యాడ్జి మీద మౌక్తిక అని ఉన్నది,
"పది మంది పడతరు మేడం" అన్నది.
"పద్నాలుగు" అన్న.
"కంపెనీ పదే అంటది మేడం."
"పద్నాలుగు. ఒక మేక."
నా మొఖం చూసి
కాలిక్యులేటరు పక్కకు పెట్టింది.

రబ్బరు మీద చెయ్యి ఆనిచ్చిన.
కొత్త బూట్ల వాసన.
ఆ పొద్దు డీజిలు వాసన, నానిన బియ్యం వాసన.

ధర అడిగిన. చెప్పింది.
మా గల్లీల ఇరవై రెండిండ్లు.
ఇంటికింత అని లెక్క కట్టుకుంట బయటకొస్తే
గేటు కాడ ఓదెలు, మక్కకంకి తినుకుంట.
"కొన్నవా అక్కా?"
"లే. నువ్వు?"
"నాది నాకున్నది గద.
పోయి ఒకపారి బోర్లించి చూడాలె దాన్ని."

ఇంటికొచ్చి, మీటరు డబ్బ పక్కన,
రెండు సార్లు సున్నమేసినా పోని నీళ్ళ గీతకు
జానెడు పైన
ఆ దుకాణం నంబరు రాసిన,
మార్కరుతోని, పెద్దగ.
మా ఆయన చూసి
జానెడు చాలదన్నడు.
కుర్చీ తెచ్చుకొని
ఇంకింత పైకి రాసిన.